పన్నీరు నీళ్లలో ప్రొటీన్ వెతికే ముందు

సంపాదకులకు నమస్కారం.

పన్నీరు తయారీలో పారబోసే నీళ్లను మెంబ్రేన్ ఫిల్టర్లలో వడగట్టి ప్రొటీన్ పొడి తీయొచ్చని, చిన్న యూనిట్లవాళ్లకు ఇది రెండో ఆదాయమవుతుందని మీ వాణిజ్య పేజీలో ఈమధ్య ఒక వ్యాసం వచ్చింది. ఫిల్టరు గురించి, పొడి ధర గురించి, సబ్సిడీ గురించి వివరంగా రాశారు. ఫిల్టరు దగ్గరికి వచ్చేలోపు ఆ పాలు ఎంత వేడి చూశాయన్న మాట మాత్రం వ్యాసమంతా వెతికినా కనబడలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నేను గుంటూరు జిల్లాలో ఒక డెయిరీ ల్యాబులో కెమిస్టుగా చేరి అక్కడే రిటైరయ్యాను. బ్యుటిరోమీటర్లు తిప్పి ఫ్యాట్ చూడడం, ల్యాక్టోమీటరు ముంచడం, క్యాన్ పాలు కాచితే విరుగుతాయో లేదోనని సీఓబీ పరీక్ష చేయడం, నీలం రంగు వేసి, అది ఎంత త్వరగా పోతే అంత ఎక్కువ బ్యాక్టీరియా ఉన్నట్టు చెప్పే ఎంబీఆర్‌టీ పరీక్షకు గొట్టాలు పేర్చడం నా డ్యూటీ. మెంబ్రేన్ ప్లాంటు నడిపినదాన్ని కాను. వేడికి పాలల్లోని ప్రొటీన్ ఏమవుతుందో మాత్రం రోజూ కళ్లతో చూసినదాన్ని.

పాలల్లో ప్రొటీన్లను రెండు వర్గాలుగా చూడాలి. ఆవుపాలల్లో అయితే నూటికి 80 వంతులు కేసీన్. ఇది విడివిడిగా కరిగి ఉండదు. కాల్షియం, ఫాస్ఫేట్‌తో కలిసి సన్నటి ఉండలుగా తేలుతూ ఉంటుంది. వాటిని మైసెల్స్ అంటారు. వెన్న తీసేసిన పాలు కూడా తెల్లగానే ఉంటాయంటే కారణం ఇవే. ఒక్కొక్కటి సగటున 150 నుంచి 200 నానోమీటర్లు, గేదెపాలల్లో ఇంకాస్త పెద్దవి. మిగిలిన 20 వంతులు తేటలో, అంటే పాలు విరిగాక మిగిలే నీళ్లలో, కరిగి ఉండేవి. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు డబ్బాలు డబ్బాలుగా కొనుక్కునే వే ప్రొటీన్ ఇదే. ఇందులో పెద్ద వాటా బీటా లాక్టోగ్లోబ్యులిన్‌ది, దాని తర్వాత ఆల్ఫా లాక్టాల్బుమిన్. సైజులో ఇవి నాలుగైదు నానోమీటర్లు, అంతే.

ఇంత తేడా ఉంది కాబట్టే మధ్యలో 0.1 మైక్రాన్, అంటే 100 నానోమీటర్ల రంధ్రాలున్న పొర పెట్టి, వెన్న తీసిన పాలను దాని మీదుగా ఒత్తిడితో పారిస్తే కేసీన్ ఇవతల ఆగిపోతుంది, తేట ప్రొటీన్ అవతలికి దిగుతుంది. మైక్రోఫిల్ట్రేషన్ అంటే ఇది. ఊళ్లల్లో మంచినీళ్ల ప్లాంటులో ఉండే ఆర్వో పొర దీనికంటే ఎన్నో రెట్లు బిగువు, అది లవణాలను కూడా ఆపుతుంది. ఈ రెండింటికీ మధ్యలో అల్ట్రాఫిల్ట్రేషన్ ఉంది. అది ప్రొటీన్లన్నిటినీ ఆపి నీళ్లు, పాల చక్కెర, లవణాలు వదిలేస్తుంది. మీ వ్యాసంలో ఈ మూడూ ఒకటే అన్నట్టు కలిసిపోయాయి.

ఇక వేడి. 70 డిగ్రీల లోపు బీటా లాక్టోగ్లోబ్యులిన్ పెద్దగా చలించదు. అది దాటాక దాని మడతలు విప్పుకోవడం మొదలవుతుంది. లోపల దాక్కుని ఉన్న గంధకపు కొస ఒకటి బయటికి వస్తుంది. కేసీన్ ఉండ పైపొరలో ఉండే కప్పా కేసీన్‌లోనూ గంధకపు బంధాలున్నాయి. ఇదీ అదీ ముడిపడిపోతాయి. పాలు చల్లార్చినా ఆ ముడి ఊడదు. ఆల్ఫా లాక్టాల్బుమిన్‌కు సొంతంగా అలాంటి ఖాళీ కొస లేదు. ఒక్కదాన్నే వేడిచేస్తే విప్పుకుని, చల్లారాక చాలామటుకు మళ్లీ ముడుచుకుంటుంది కూడా. బీటా పక్కన ఉంటే మాత్రం దానితో కలిసి ఇదీ ముడిలో చిక్కుతుంది.

ఎంత వేడికి ఎంత నష్టం? 72 డిగ్రీల్లో 15 సెకన్లు, అంటే మామూలు పాశ్చరైజేషన్‌కు నూటికి పది లోపే దెబ్బతింటాయి. 90 డిగ్రీల్లో 5 నిమిషాలు నిలబెడితే దాదాపు అన్నీ అయిపోయినట్టే. బియ్యం నూక, పిండి కలిసి ఉంటే జల్లెడ వాటిని వేరుచేస్తుంది. తడి తగిలి పిండి నూకకు అతుక్కుంటే జల్లెడ ఎంత మంచిదైనా పిండి కిందికి రాలదు. ఇక్కడా అంతే. పొర రంధ్రం మారలేదు, ప్రొటీన్ తూకం తగ్గలేదు, అయినా దిగాల్సింది దిగకుండా కేసీన్‌తోపాటు పైనే ఉండిపోతుంది.

కొన్ని కేసీన్‌కు అంటకుండా తమలో తాము ముడిపడి తేటలోనే చిన్న చిన్న గుంపులుగా తేలుతుంటాయి. నడిపేవాడికి వీటితో ఇంకో తలనొప్పి. పూర్తిగా దిగవు, పూర్తిగా ఆగవు, పొర మీద పేరుకుని గంటకు దిగే లీటర్లు తగ్గిపోతాయి. కాస్టిక్‌తో, ఆసిడ్‌తో కడుగుళ్లు పెరుగుతాయి. ఏది ఎంతన్నది వేడిచేసేటప్పుడు పాల పీహెచ్‌ను బట్టి ఉంటుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, పాలు పులిసేకొద్దీ తగ్గుతుంది. 6.7, ఆ పైన అయితే తేటలో తేలే గుంపులు ఎక్కువ. 6.5కు దిగితే కేసీన్‌కు అతుక్కునేది ఎక్కువ. పీహెచ్‌లో ఆ కాస్త తేడా రావడానికి మే నెలలో క్యాన్ వేపచెట్టు కింద లారీ కోసం ఎదురుచూస్తే చాలు.

ఇప్పుడు పన్నీరు దగ్గరికి వద్దాం. పన్నీరు చేసేవాళ్లు పాలను కావాలనే బాగా కాస్తారు. 82 నుంచి 90 డిగ్రీల దాకా తీసుకెళ్లి, కొన్ని నిమిషాలు ఉంచి, 70కి దించి సిట్రిక్ యాసిడ్ నీళ్లు పోస్తారు. అంత కాచేది క్రిములు చావడానికి ఒక్కటే కాదు. తేట ప్రొటీన్ కేసీన్‌కు అతుక్కుని గడ్డలోకి వస్తుంది, వచ్చేటప్పుడు నీళ్లను కూడా పట్టుకొస్తుంది, తూకం పెరుగుతుంది. మన అమ్మలు తోడుపెట్టే ముందు పాలు పొంగించి వదిలెయ్యకుండా సన్నటి సెగ మీద కాసేపు ఉంచేది ఇందుకే. అలా కాగిన పాల పెరుగు గట్టిగా తోడుకుంటుంది, నీళ్లు తేలదు.

మా మేనల్లుడికి చిన్న పన్నీరు యూనిట్ ఉంది. మీ వ్యాసం చదివి ఫోన్ చేశాడు. "అత్తా, రోజూ డ్రమ్ములకొద్దీ బంగారం కాలవలో పోస్తున్నాం, పేపర్లో చూశావా?" అన్నాడు. సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం కింద 35 శాతం, 10 లక్షల దాకా సబ్సిడీ వస్తుందని అప్పటికే కనుక్కున్నాడు. "ఒరేయ్, నువ్వనే బంగారాన్ని నిన్ననే పన్నీరు రేటుకు అమ్మేశావు" అన్నాను. లెక్క కూడా చెప్పాను. 100 లీటర్ల గేదెపాలల్లో ప్రొటీన్ 4 కిలోలకు అటూ ఇటూ. అందులో తేట ప్రొటీన్ ముప్పావు కిలో అనుకుందాం. కాచినప్పుడే అందులో ఎక్కువ భాగం గడ్డలోకి ఎక్కింది. ఇరవై కిలోల పన్నీరు తీసి అమ్మాక మిగిలిన 80 లీటర్ల నీళ్లలో దొరికే ప్రొటీన్ గ్రాముల లెక్క. ఆ గ్రాముల కోసం పంపు, పొర, స్ప్రే డ్రయరు, కరెంటు బిల్లు. ఆ నీళ్లలో ముఖ్యంగా ఉండేది పాల చక్కెర, లవణాలు, వీడు పోసిన పులుపు.

"మరి చీజ్ కంపెనీలవాళ్లు తీస్తున్నారుగా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. చీజ్‌కు పాలను పులుపుతో కాకుండా రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డకట్టిస్తారు. బాగా కాచిన పాలకు రెన్నెట్ సరిగా పనిచేయదు, గడ్డ మెత్తగా, ఆలస్యంగా వస్తుంది. కప్పా కేసీన్ మీద తేట ప్రొటీన్ అట్టకట్టి కూర్చోవడం అందుకు ఒక కారణం. కాబట్టి చీజ్‌వాళ్లు 72 డిగ్రీలు, 15 సెకన్లు దాటనివ్వరు. అందువల్ల వాళ్ల తేటలో ప్రొటీన్ మిగిలి ఉంటుంది, అల్ట్రాఫిల్ట్రేషన్‌తో చిక్కబరుచుకుంటారు. ప్రపంచంలో వే ప్రొటీన్ పొడిలో అధిక భాగం వచ్చేది అలాంటి చీజ్ తేట నుంచే. పన్నీరు తేటను, చీజ్ తేటను ఒకే గాటన కట్టడం వల్లే మీ వ్యాసంలో లాభాల పట్టిక అంత అందంగా వచ్చింది.

ఆ నీళ్లను కాలవలో వదలమని నేను చెప్పడం లేదు. పాల చక్కెర వల్ల దాని బీఓడీ, అంటే కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను ఎంత లాగేస్తుందన్న కొలత, లీటరుకు 30,000 మిల్లీగ్రాములు దాటిపోతుంది, చెరువులో కలిస్తే చేపలు తేలతాయి. మా వాడు ప్రస్తుతం పశువుల దాణాలో కలుపుకునేవాళ్లకు ఇస్తున్నాడు. గోబర్ గ్యాస్ తొట్టికి కూడా పనికొస్తుంది. ప్రొటీన్ గని అనుకుని అప్పు చేయొద్దని మాత్రమే నా మాట.

నమ్మకం కుదరనివాళ్లు వంటింట్లో చూసుకోవచ్చు. డబుల్ టోన్డ్ ప్యాకెట్ ఒకటి తెచ్చి రెండు గిన్నెల్లో పోయండి, వెన్న తక్కువ కాబట్టి తేడా బాగా కనబడుతుంది. ఒకదాన్ని వేలు పెట్టగలిగే వేడికి తెచ్చి నిమ్మరసం పిండండి. రెండోదాన్ని పొంగు వచ్చాక సన్నటి సెగ మీద పది నిమిషాలు కాచి, అదే గోరువెచ్చదనానికి చల్లార్చి, అంతే నిమ్మరసం పిండండి. రెండింటినీ పలచటి గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లను విడివిడిగా మరిగించండి. మొదటి గిన్నె నీళ్లలో తెల్లటి రేకులు తేలతాయి. వేడికి గడ్డకట్టిన తేట ప్రొటీన్ అది. రెండో గిన్నెలో పెద్దగా ఏమీ రాదు, రావలసిందంతా గుడ్డలోనే ఉండిపోయింది. ఒకవేళ మొదటి గిన్నెలో కూడా రేకులు రాలేదంటే ఆ ప్యాకెట్ పాలు, లేదా అందులో కలిపిన పొడి, మీ ఇంటికి రాకముందే బాగా కాగాయన్నమాట.

ల్యాబులో స్టెరిలైజ్ చేసిన పాలకు మేం చేసే టర్బిడిటీ పరీక్ష అచ్చం ఇదే. నిమ్మరసం బదులు అమ్మోనియం సల్ఫేట్, గుడ్డ బదులు ఫిల్టర్ పేపరు. వడగట్టిన నీళ్లను మరిగే నీళ్లలో పెడితే తేరుకుని ఉండాలి. మసకబారితే ఆ పాలకు వేడి సరిపోలేదని రాసేవాళ్లం. పావలా ఫిల్టర్ పేపరు చెప్పే విషయాన్నే కోట్ల ఖరీదు చేసే మెంబ్రేనూ చెబుతుంది.

జున్ను మాట కూడా చెప్పాలి, ఇది నాకిష్టమైన ఉదాహరణ. ఈనిన వెంటనే పిండిన పాలల్లో ప్రొటీన్ మామూలు పాలకు మూడు నాలుగు రెట్లుంటుంది. అందులో పెద్ద వాటా దూడకు రోగనిరోధకత ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అవీ తేట ప్రొటీన్లే. అందుకే తోడు లేకుండా, పులుపు లేకుండా, బెల్లం మిరియాలు వేసి ఆవిరి మీద పెడితే చాలు, ముక్కలు కోసేంత గట్టిగా జున్ను అవుతుంది. వేడికి తేట ప్రొటీన్ ఏంచేస్తుందో మన పల్లెల్లో తెలియని ఇల్లాలు లేదు.

అయితే మెంబ్రేన్లు మనకు పనికిరావా? వస్తాయి. 1969లో ఫ్రాన్సులో మొబ్వా, ఆయన సహచరులు అల్ట్రాఫిల్ట్రేషన్‌తో పాలను చిక్కబరిచి చీజ్ చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నప్పటి నుంచి ఇది పాల పరిశ్రమలో నిలబడ్డ విద్యే. వెన్న తీసిన తాజా పాలను ముందు 1.4 మైక్రాన్ పొరలో పంపితే బ్యాక్టీరియా దాదాపుగా ఆగిపోతుంది, కేసీన్‌తో సహా ప్రొటీన్లన్నీ దాటిపోతాయి. తర్వాత 0.1 మైక్రాన్ పొర మీదికి పంపితే ఒక పక్క కేసీన్, ఇంకో పక్క ఎక్కువ వేడి తగలని తేట ప్రొటీన్. పింగాణీ పొరలయితే 50 డిగ్రీల దగ్గర నడుపుతారు, పాలు పలచబడి వేగంగా దిగుతాయి. ప్లాస్టిక్ పొరలను 10 డిగ్రీల లోపు చల్లగా నడపొచ్చు. దిగేది నెమ్మది, పైగా చలికి బీటా కేసీన్ ఉండల్లోంచి విడివడి తేటతోపాటు కిందికి జారుతుంది. ఏ పద్ధతికైనా ముందు షరతు ఒక్కటే, పాలు అప్పటిదాకా గట్టి వేడి చూసి ఉండకూడదు.

మన చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఊళ్లో పాలకేంద్రంలో పోసిన పాలు బల్క్ కూలర్‌కు, అక్కడి నుంచి చిల్లింగ్ సెంటర్‌కు, ట్యాంకర్లో డెయిరీకి చేరాలి. పితికిన గంటా రెండు గంటల్లో 4 డిగ్రీలకు దించగలిగితే 72 డిగ్రీల పాశ్చరైజేషన్ ఒకటి సరిపోతుంది, ప్రొటీన్‌కు వచ్చిన ముప్పేమీ లేదు. కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేక, క్యాన్లు వెచ్చగా నిలిచాయనుకోండి. నీలం రంగు వేసిన గొట్టం అరగంటలో తెల్లబడుతుంది. అలాంటి పాలు వచ్చిన రోజు పాశ్చరైజర్ మీద కూర్చున్న ఆపరేటరు ఏంచేస్తాడు? 72ను 78 చేస్తాడు, 80 దాటిస్తాడు, ప్యాకెట్ ఇంకో రోజు నిలవాలి కదా. చిల్లింగ్ సెంటర్‌లో ఒకసారి, ప్లాంటులో మళ్లీ ఒకసారి వేడి తగిలిన పాలూ ఉంటాయి. వేసవిలో పాలు తగ్గితే చలికాలంలో ఎండబెట్టిన పొడి కలుపుతారు. ఆ పొడి చూసిన వేడి దాని ఖాతాలో ఉంటుంది.

పొడి విషయంలో కనీసం కొలమానం ఉంది. గ్రాము పొడిలో చెడకుండా మిగిలిన తేట ప్రొటీన్ నైట్రోజన్ 6 మిల్లీగ్రాములు, ఆ పైన ఉంటే లో హీట్ పొడి, 1.5 లోపు ఉంటే హై హీట్, మధ్యలోది మీడియం. పొడిని నీళ్లలో కలిపి ఫిల్టర్‌కు ఎక్కిద్దామనుకునేవాళ్లు బస్తా మీద ఇది చూడకుండా కొంటే డబ్బు పోయినట్టే. పచ్చిపాలు కొనేటప్పుడు ఇలాంటి కొలమానమే లేదు. మన దగ్గర రైతుకు డబ్బిచ్చేది ఫ్యాట్‌కు, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు, అంటే ఫ్యాట్ కాక పాలల్లో ఉండే మిగతా ఘనపదార్థాలకు. విప్పుకున్న ప్రొటీనైనా విప్పుకోని ప్రొటీనైనా ఎస్‌ఎన్‌ఎఫ్‌లో ఒకే అంకె. స్టీలు క్యాన్ కడిగి ఎండలో బోర్లించి, పాలు చల్లారకముందే పరుగున కేంద్రానికి తెచ్చిన ఆవిడకూ, తీరిగ్గా తొమ్మిదింటికి తెచ్చిన ఆయనకూ చాలాచోట్ల ఒకటే రేటు. నన్నడిగితే వే ప్రొటీన్ ప్లాంటు పెట్టాలనుకునేవాళ్లు మొదటి రూపాయి ఆవిడకు ఇవ్వాలి. ఫిల్టర్ మాట తర్వాత.

ఇదంతా చదివి ఎవరైనా వేడి ప్రొటీన్‌ను పాడుచేస్తుంది కాబట్టి పచ్చిపాలు తాగాలనుకుంటే కొంప మునుగుతుంది. విప్పుకున్న ప్రొటీన్ కడుపులో శుభ్రంగా అరుగుతుంది, పోషకం ఎక్కడికీ పోదు. పచ్చిపాలతో వచ్చే బ్రుసెల్లోసిస్, క్షయ మాత్రం ఎక్కడికీ పోకుండా మనతో ఉండిపోతాయి. వేడి వల్ల నష్టం వేరుచేసేవాడికే, తాగేవాడికి కాదు. 'కోల్డ్ ఫిల్టర్డ్' అని ముద్రేసిన డబ్బాకు రెట్టింపు పెట్టే కుర్రాళ్లు కూడా ఇది గమనించాలి. ఆ ముద్ర ఫిల్టర్ ఎంత చల్లగా నడిచిందో చెబుతుంది, పాలు ఫిల్టర్‌కు రాకముందు ఎంత కాగాయో చెప్పదు. కండ పెరగడమే పని అయితే కాచిన పాలు, గట్టి పెరుగు, రెండు గుడ్లు ఆ పని చేసిపెడతాయి.

ఒక్క విన్నపం. ఇలాంటి ప్రాజెక్టు రిపోర్టులు బ్యాంకులకు, పరిశ్రమల శాఖ కార్యాలయాలకు ఇక ముందు చాలా వస్తాయి. మెంబ్రేన్ ఏ దేశానిది, ఎన్ని చదరపు మీటర్లు అని అడిగే అధికారులు, పాలు ఎక్కడి నుంచి వస్తాయో, అక్కడ ఎన్నిసార్లు ఎంత వేడిచేస్తారో కూడా అడగాలి. పాశ్చరైజర్ పక్కనే థర్మోగ్రాఫ్ అని గుండ్రటి కాగితపు చార్టు తిరుగుతూ ఉంటుంది, ఏ నిమిషానికి ఎన్ని డిగ్రీలున్నదీ దానంతటదే గీస్తుంది. పాలు అమ్మే డెయిరీ దగ్గర నెల రోజుల చార్టులు, అందులోనూ మే నెలవి, తెచ్చి రిపోర్టుకు జతచేయమనాలి. చార్టు లేదన్న చోట టర్బిడిటీ పరీక్ష అరగంట పని. తిరుపతి, కామారెడ్డి డెయిరీ టెక్నాలజీ కాలేజీల్లో చదివే ఏ విద్యార్థి అయినా చేసిపెడతాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డెయిరీ కెమిస్టు,
తెనాలి.